రాను అన్నదెవరు?

నాలుగేళ్ళ క్రితం హైదరాబాదులో, ఓ పాతిక ముప్ఫై మంది కూర్చున్న సాహిత్య సమావేశంలో, నేనొక తప్పు మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అంతకు ముందు రెండేళ్ళు హెల్సింకిలో ఉద్యోగం చేసి వచ్చాను. సాయంత్రం క్లాసులకి వెళ్ళి కాస్తో కూస్తో ఫిన్నిష్ నేర్చుకున్నాను. 'అక్కడి భాష గురించి ఏదైనా చెప్పండి' అన్నారు. ఫిన్నిష్‌లో కాదనడానికి ప్రత్యేకంగా ఒక క్రియ ఉందనీ, అది మన 'రాను, రావు, రాడు' లాగే మనిషిని బట్టి మారుతుందనీ చెప్పాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. తెలుగూ ఫిన్నిషూ ఏ కాలంలోనో విడిపోయిన అక్కచెల్లెళ్ళు కాకపోతే ఇదెలా సాధ్యం అని అడిగేశాను. హాలంతా మురిసిపోయింది.

ఆ మురిపెంతోనే నా తగువు. ముందు నాతో, తర్వాత ఇప్పటికీ ఆ మాటే చెప్పి మురిసిపోతున్నవాళ్ళతో. మన భాషలో కనిపించే ఒక పోలిక ఎక్కడో మంచు దేశంలో కనిపించగానే దాన్ని చుట్టరికం పత్రంలా చేతిలో పట్టుకుని ఊరేగడం మనకి అలవాటైపోయింది. ఊరేగింపు సందట్లో ఆ పత్రంలో ఏం రాసుందో ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

చదవాల్సింది ఇది.

క్లాసులో మొదటి నెల. "రేపొస్తావా?" అని టీచరు నన్ను ఫిన్నిష్‌లో అడిగింది. తులెత్కొ హుఒమెన్న? నేను ధీమాగా "ఎయ్" అన్నాను. నిఘంటువులో 'నో'కి ఎదురుగా అదే ఉంది మరి. ఆవిడ తలుపు వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగి, "ఎవరు?" అంది. అందరూ నవ్వారు. 'ఎయ్' అంటే 'కాదు' అనే మాట మాత్రమే కాదు, 'అతను చెయ్యడు, ఆమె చెయ్యదు, అది చెయ్యదు' అని కూడా. నేను రాకపోతే నేను అనాల్సింది 'ఎన్'. నువ్వు రాకపోతే 'ఎత్'. మేము అయితే 'ఎమ్మె', మీరు అయితే 'ఎత్తె', వాళ్ళు అయితే 'ఎయ్‌వాత్'. మామూలు మాటల్లో ఫిన్లాండువాళ్ళు కూడా ఉత్తినే 'ఎయ్' అని ఊరుకోవడం ఉంది, అది వేరే సంగతి. ఆవిడ నాకు నేర్పాలనుకున్నది మాత్రం నాకు బాగా అంటింది. కాదనే మాటకి ఒక మనిషి ఉంటాడు, ఎవరో చెప్పు.

ఇప్పుడు ఆ క్రియ చేసే పని దగ్గర్నుంచి చూడండి. 'తులెన్' అంటే వస్తాను. చివర 'న్' ఉంది కదా, అది 'నేను'. మన 'వస్తాను'లో 'ను' లాంటిది. 'రాను' అనాలంటే ఫిన్నిష్ 'ఎన్ తులె' అంటుంది. తులెన్‌లో ఉన్న న్ అక్కణ్ణుంచి లేచి వెళ్ళి ఎన్‌లో కూర్చుంది. వెనక మిగిలిన 'తులె' మనిషి లేని ఉత్త మొండెం. జరిగిపోయిన సంగతైతే 'ఎన్ తుల్లుత్', నేను రాలేదు. మనిషి ముందు ముక్కలో, కాలం వెనక ముక్కలో. ఒక క్రియ చేసే పనిని రెండు ముక్కలు పంచుకున్నాయన్నమాట. మేము రాలేదు అనాలంటే 'ఎమ్మె తుల్లేత్', అంటే బహువచనం మాత్రం రెండు చోట్లా పడుతుంది. ఆస్తి పంపకాల్లో ఎప్పుడూ ఇలాంటిదొకటి మిగిలిపోతుంది.

ఈ ప్రభావం క్రియతో ఆగదు. పుస్తకం మొత్తం చదువుతాను అంటే 'లుయెన్ కిర్యన్'. చదవను అంటే 'ఎన్ లుయె కిర్యా'. వాక్యం మొదట్లో ఎన్ పడగానే చివర్న ఉన్న పుస్తకం విభక్తి కూడా మారిపోయింది. జరగని పనికి పూర్తయిన వస్తువు ఉండదు గనక పుస్తకానికి 'కొంత' అనే అర్థమిచ్చే విభక్తి తగులుతుంది. ఇంకోటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: 'అని' అనే అర్థమిచ్చే 'ఎత్త' ఈ క్రియతో అతుక్కుపోతుంది. 'రానని చెప్పాను' అనడానికి 'సనొయిన్ ఎత్తెన్ తులె'. నువ్వైతే ఎత్తెత్, ఆమె అయితే ఎత్తెయ్. మన 'రానని'లో రానూ అనీ కలిసిపోయినట్టే. తెలుగులో ఆ అతుకు చివర్న పడుతుంది, వాళ్ళకి ముందు పడుతుంది. ఇంగ్లీషు అనువాదం మీదుగా ఫిన్నిష్ కవిత్వం చదివేవాళ్ళకి ఈ అతుకు చేతికి తగలదు. అక్కడ నేను ఒకచోట, కాదు ఒకచోట, అని ఒకచోట విడివిడిగా నిలబడి ఉంటాయి.

ఇది ఫిన్నిష్ సొత్తు మాత్రమే అనుకోకండి. యురాలిక్ కుటుంబంలో చాలా ఇళ్ళలో ఉంది. రష్యాలో, ఐరోపా వైపు ఈశాన్యాన మాట్లాడే కోమి భాషలో 'మె ఒగ్ మున్' అంటే నేను వెళ్ళను, 'మె ఎగ్ మున్' అంటే నేను వెళ్ళలేదు. తేడా అంతా ఒక్క అచ్చులో. ఇక్కడ కాలం కూడా కాదనే క్రియలోనే ఉంది, 'మున్' రెండుచోట్లా ఒకటే. ఉత్తర సామీలో నేను చెయ్యనంటే 'ఇన్', మేమందరం చెయ్యమంటే 'ఎఅత్', ఆ రెంటి మధ్య మేమిద్దరం చెయ్యమంటే 'ఎఅన్'. ఇద్దరు కలిసి కాదనడానికి ఒక రూపం! నేను దీన్ని మొదటిసారి చూసినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. లాత్వియా తీరంలోని లివోనియన్‌లో వర్తమానానికి 'ఆబ్', భూతానికి 'ఇజ్'. ఆ భాషని ఉగ్గుపాలతో నేర్చిన చివరి మనిషిగా పేరున్న గ్రిజెల్డా క్రిస్టినా 2013లో కెనడాలో చనిపోయింది, 103 ఏళ్ళ వయసులో. అక్కచెల్లెళ్ళ కబుర్లు చెప్పిన రోజున నాకు ఆ పేరు కూడా తెలియదు.

సరే, చుట్టరికం సంగతికొస్తాను.

మొదటి ప్రశ్న. కాదనే క్రియ ఉండటమే రక్తసంబంధానికి రుజువైతే, హంగేరియన్‌ని ఏం చేద్దాం? అది యురాలిక్ కుటుంబంలో ఎవరూ కాదనలేని సభ్యురాలు. ఆ ఇంట్లో ఈ క్రియ లేదు. 'నెమ్' అని ఒక మారని మాట పెట్టి, పక్కన మామూలు క్రియని మామూలుగా నడిపిస్తుంది. మనిషి గుర్తు క్రియ మీదే ఉండిపోతుంది. ఉనికి లేదనడానికి మాత్రం 'నించ్', బహువచనంలో 'నించెనెక్' అని ఒక చిన్న జంట మిగిలింది, మన లేదు, లేవు లాగా. సైబీరియాలో హంగేరియన్‌కి దగ్గర బంధువులైన ఖాంతీ, మాన్సీలదీ మారని మాటల దారే. సొంత పిల్లల్లోనే లేని పోలికని గోదావరి ఒడ్డున చూసి 'మన రక్తమే' అనడం ఏం న్యాయం?

రెండో ప్రశ్న ఇంకా ఇబ్బందిపెడుతుంది. సైబీరియాలోనే ఎవెంకి అనే భాష ఉంది. యురాలిక్ కాదు, తుంగూసిక్ కుటుంబం. దానికీ కాదనే క్రియ ఉంది, మనిషిని బట్టీ కాలాన్ని బట్టీ మారుతుంది, పైగా దాని ధాతువు 'ఎ'. ఫిన్నిష్ క్రియ ధాతువూ 'ఎ'నే. నిర్మాణమూ కలిసింది, చప్పుడూ కలిసింది. అయినా అంతమాత్రాన ఆ రెండు కుటుంబాలూ ఒకటేనని తేలదు. భాషల బంధుత్వం తేల్చడానికి వందల మాటల్లో క్రమం తప్పకుండా నడిచే ధ్వని సంబంధాలు కావాలి. ఒక పోలిక, అది ఎంత ముద్దొచ్చినా, సరిపోదు.

ఈ ముచ్చట నేను పుట్టించింది కాదులెండి. 1856లో కాల్డ్‌వెల్ తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలోనే మన భాషల్ని 'సిథియన్' అనే పెద్ద గంపలో ఫిన్నిష్ వగైరాలతో కలిపి చూపించాడు. 1940లలో బరో శరీర భాగాల పేర్లు పక్కపక్కన పెట్టి మళ్ళీ అదే వాదన తెచ్చాడు. వాళ్ళు పరిశోధకులు, చేతిలో ఉన్న సరుకుతో ఒక ఊహ చేశారు, అది తప్పేం కాదు. చారిత్రక భాషావేత్తల్లో ఎక్కువమంది ఆ ఊహని ఒప్పుకోలేదు. మనం మాత్రం పరీక్ష ఫలితాలు వచ్చాక కూడా పరీక్షకి ముందు వేసిన అంచనానే పట్టుకుని మిఠాయిలు పంచుతున్నాం.

అసలు నా సిగ్గంతా మూడోదాంట్లో ఉంది. నేను ఆ రోజు 'ఒకటే' అని చెప్పిన రెండు పద్ధతులూ నిజానికి ఎదురెదురు. 'తులెన్, ఎన్ తులె' జంట పక్కన 'వస్తాను, రాను' జంట పెట్టి చూడండి. ఫిన్నిష్‌లో కాదనడానికి మాట పెరిగింది. తెలుగులో తగ్గింది. అక్కడ మనిషి ఇల్లు మారాడు. ఇక్కడ 'ను' ఎక్కడుందో అక్కడే ఉంది, మధ్యలో ఉన్న 'స్తా' ఖాళీ చేసి వెళ్ళిపోయింది. 'చేస్తాను, చేయను', 'తింటాను, తినను'. కాలం చెప్పే ముక్క తీసేసి, ధాతువు పక్కన ఒక్క 'అ' చాలన్నట్టుగా ఉంచి, దానికి మనిషిని తగిలిస్తే మన వ్యతిరేకార్థకం తయారు. వాళ్ళది కాదనడానికి ఒక ఉద్యోగిని పెట్టుకున్న పద్ధతి. మనది ఉన్న ఉద్యోగిని పంపించేసి, ఆ ఖాళీతో కాదనే పద్ధతి. ఇన్నేళ్ళు తెలుగు మాట్లాడుతూ ఈ ఖాళీని నేను గమనించలేదు. ఎన్ తులెని సరిగ్గా చూశాకే కనిపించింది. చుట్టాలని అనేసుకుని ఉంటే ఇది కనిపించే అవకాశమే లేదు, చుట్టాల ముఖాల్లో మనం పోలికలే వెతుకుతాం కదా.

పోలిక అంటూ నిజంగా ఉన్నది వేరేచోట ఉంది. అది రక్తంలో లేదు, అరుగుదలలో ఉంది.

ఫిన్లాండుకి సముద్రం ఇవతల ఎస్టోనియా. భాషలు సొంత అక్కచెల్లెళ్ళు, ఇందులో ఎవరికీ అనుమానం లేదు. ఎస్టోనియన్‌లో నేను రానంటే 'మ ఎయ్ తులె', నువ్వు రావంటే 'స ఎయ్ తులె', వాళ్ళు రారంటే 'నద్ ఎయ్ తులె'. ఎన్, ఎత్, ఎమ్మెలు పోయి అందరికీ ఒకటే ఎయ్ మిగిలింది. ఒకప్పుడు అతనికో ఆమెకో మాత్రమే చెందిన రూపం గడ్డకట్టి అందరిదీ అయింది. క్రియ కాస్తా రాయి అయిపోయింది. ఇప్పుడు మనవైపు చూడండి. 'నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు.' లేను, లేవు, లేడు, లేము, లేరు అని మనిషి మనిషికీ మారే క్రియ మన దగ్గర నిక్షేపంలా ఉంది. అయినా జరిగిపోయిన పనిని కాదనేటప్పుడు అందరికీ ఒకటే 'లేదు'. అది కూడా ప్రథమ పురుష ఏకవచనమే, ఆమెదీ, దానిదీ. ఎస్టోనియన్ ఎక్కడ గడ్డకట్టిందో మనమూ అక్కడే గడ్డకట్టాం. ఎవరూ ఎవరినీ చూసి నేర్చుకోలేదు. ప్రథమ పురుష ఏకవచనం రోజూ నోట్లో ఎక్కువ నలిగే రూపం. నలిగిన రూపమే నిలబడి, మిగతావాటిని పక్కకి తోస్తుంది. దీనివల్ల మనకో చిన్న చిక్కు కూడా వచ్చింది. 'ఆమె రాలేదు' అంటే నిన్న రాలేదనా, రావడం చేతకాదనా? చెప్పే గొంతుని బట్టీ ముందువెనకల మాటల్ని బట్టీ తేల్చుకోవాల్సిందే. నేను అయితే రాలేదు, రాలేను అని విడిగా ఉన్నాయి. ఆమె దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకటైపోయాయి.

అరుగుదల ఫిన్నిష్‌లోనూ నడుస్తోంది. పుస్తకాల్లో 'ఎమ్మె తులె' అని నేర్పిన టీచరే, క్లాసయ్యాక బస్టాపులో స్నేహితురాలితో 'మె ఎయ్ తుల్ల' అనడం నా చెవులతో విన్నాను. వాళ్ళు రారు అనడానికి వీధిలో 'నె ఎయ్'. ఎమ్మె, ఎయ్‌వాత్‌లు మెల్లగా కాగితం మీదకి సర్దుకుంటున్నాయి. ఎన్, ఎత్ మాత్రం గట్టిగా నిలబడ్డాయి. అంత అరిగిన ఎస్టోనియన్‌లో కూడా ఒక మూల అరగలేదు: ఆజ్ఞ. ఒకణ్ణి రావద్దంటే 'ఆర తులె', పదిమందినో పెద్దవాళ్ళనో రావద్దంటే 'ఆర్గె తుల్గె'. మన రాకు, రాకండి లాగా. ఎదురుగా మనిషి నిలబడి ఉన్నప్పుడు కాదనడంలో ఆ మనిషి రూపం అంత తేలిగ్గా చెరిగిపోదేమో అనిపిస్తుంది నాకు. ఇది నా ఊహ, దీని మీద ఎవరూ ఊరేగింపు తియ్యొద్దు.

ఇక్కడ ఇంకో జట్టు తయారవుతుంది, వాళ్ళతోనూ మాట్లాడాలి. 'నేను డాక్టర్ని కాను' అనాల్సినచోట ఈ కాలం పిల్లలు 'నేను డాక్టర్ని కాదు' అంటున్నారు, భాష చచ్చిపోతోంది, అని గుండెలు బాదుకునేవాళ్ళు. నాకూ 'కాను' అంటే ఇష్టం. 'మేం పిచ్చివాళ్ళం కాము' అని మా పెద్దమ్మ అన్నప్పుడు ఉండే బిగువు 'కాదు'లో రాదు. కానీ చావు అనే మాట ఇక్కడ వాడకండి. 'నేను రాలేదు' అన్నప్పుడు మీరు చేస్తున్నది సరిగ్గా అదే పని. ఆ అరుగుదల మీకంటే ముందే జరిగిపోయింది కాబట్టి మీకది శుద్ధమైన తెలుగులా వినబడుతోంది. ఎస్టోనియన్లు మారని ఎయ్‌తోనే కవిత్వం రాసుకుంటున్నారు, పోట్లాడుకుంటున్నారు. భాష చచ్చిపోవడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే లివోనియన్ని అడగాలి. దాని ఆబ్, ఇజ్‌లు శుభ్రంగానే ఉన్నాయి. ఉగ్గుపాలతో నేర్చి వాటిని అనే నోళ్ళే లేకుండా పోయాయి.

మూడో జట్టు, ఈ మధ్య పుట్టినది, నాకు వీళ్ళంటే భయం కూడా. 'చూశారా, ఫిన్లాండువాళ్ళు కాదని చెప్పేటప్పుడు ఎవరు కాదంటున్నారో వాక్యం మొదట్లోనే ఒప్పుకుంటారు, అందుకే వాళ్ళు ముక్కుసూటి మనుషులు, మనం వాక్యం చివరిదాకా నాన్చుతాం' అనే రకం. వినడానికి ఎంత బావుంటుందో! ఆ రెండేళ్ళలో నా సెలవు అడిగినప్పుడల్లా ఆఫీసులో నాకొచ్చిన జవాబు 'ఎయ్ ఒన్నిస్తు'. 'కుదరదు' అని. ఎవరికి కుదరదు? ఎవరూ లేరు. ఆ ఎయ్ వెనక నిజంగానే మనిషి లేడు. మనిషి గుర్తున్న క్రియ చేతిలో పెట్టుకుని కూడా, మనిషి తప్పుకోవాలనుకున్నప్పుడు ప్రథమ పురుష వెనక దాక్కుంటాడు. సంక్రాంతికి వస్తున్నావా అని మా అమ్మ ఫోన్లో అడిగితే 'రాను' అని ఏనాడైనా అన్నానా? 'రాలేనమ్మా' అంటాను, చేతకానితనం మీద తోసి. ఇంకా భయమేస్తే 'కుదరట్లేదమ్మా' అంటాను, అప్పుడు వాక్యంలో నేనే ఉండను. అమ్మ ఊరుకోదు. "ఏది కుదరట్లేదు?" అంటుంది. హెల్సింకి టీచరు అడిగిన 'ఎవరు?'కీ దీనికీ పెద్ద తేడా లేదు. వ్యాకరణం దారులు ఇస్తుంది, ఏ దారిన పోతామో మన పిరికితనాన్ని బట్టి ఉంటుంది. దారులు చూసి జాతి గుణం చెప్పేవాడు జాతకాలు చెప్పుకోవచ్చు.

2015లో 'నెగేషన్ ఇన్ యురాలిక్ లాంగ్వేజెస్' అని ఒక పెద్ద పుస్తకం వచ్చింది. మియెస్తమో, తమ్, వాగ్నర్-నాజ్ సంపాదకులు. ఒక్కో భాషకీ ఒకే రకం ప్రశ్నలు వేస్తూ పోతారు: మామూలు వాక్యంలో ఎలా కాదంటారు, ఆజ్ఞలో ఎలా, ఉనికి లేదనడానికి ఎలా, 'ఎవరూ, ఏదీ' అన్నప్పుడు ఎలా. అందులో మురిపెం లేదు. వరసగా చదువుతుంటే ఒక కుటుంబం తన కాదనడాన్ని వేల ఏళ్ళుగా ఎన్ని రకాలుగా పంచుకుందో, ఎక్కడ పారేసుకుందో తెలుస్తుంది. అదే ప్రశ్నలు పట్టుకుని శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, పక్కనే ఉన్న గోండి, కువి, కొలామీలతో సహా ఎవరైనా కూర్చుని రాస్తే, నేను మొదటి కాపీ కొనుక్కుంటాను. మన సొంత అక్కచెల్లెళ్ళు అక్కడున్నారు. వాళ్ళు ఎలా కాదంటారో ఆ రోజు హాల్లో చప్పట్లు కొట్టినవాళ్ళలో ఎవరికీ తెలియదు, వేదిక మీద ఉన్న నాకు అసలే తెలియదు.

పోయిన నెల ఆ సమావేశంవాళ్ళే మళ్ళీ ఫోన్ చేశారు. ఆ ఫిన్నిష్ చుట్టరికం ప్రసంగం చాలామంది గుర్తుపెట్టుకున్నారట, మళ్ళీ చెప్పమన్నారు. చుట్టరికం లేదండీ, అది తప్పు, ఆ తప్పు దిద్దుకోవడానికైతే వస్తానన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు, ప్రసంగానికి పేరు అడిగారు. 'లేదు' అని పెట్టమన్నాను.

"పేరే 'లేదు' అంటే బావోదేమోనండీ," అన్నాడు ఆ కుర్రాడు మొహమాటంగా. "ఆహ్వాన పత్రం మీద వస్తుంది కదా..."

ఇంట్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అనే జాతి మనది. నేను బతిమాలలేదు. ఇంకో పేరు ఇంకా దొరకలేదు.